ప్రీరిజిస్ట్రేషన్ ఎక్కడ చేయాలి, ఎలా చేయాలి: మీ అధ్యయనానికి సరిపోయే దారి

ఫుట్‌బాల్ రిఫరీలు ముదురు మేనిఛాయ ఉన్న ఆటగాళ్లకు ఎక్కువగా రెడ్ కార్డులు ఇస్తున్నారా? ఈ ఒక్క ప్రశ్నను, ఒకే డేటాతో సహా, 29 పరిశోధక బృందాల చేతిలో పెట్టారు. 2018లో అచ్చయిన ఆ ఫలితాల్లో 20 బృందాలకు గణాంకపరంగా చెప్పుకోదగ్గ సంబంధం కనిపించింది, 9 బృందాలకు కనిపించలేదు. ఆడ్స్ నిష్పత్తి (1 అంటే తేడా లేదు, అంతకన్నా ఎక్కువంటే ముదురు ఛాయవాళ్లకే ఎక్కువ కార్డులు) అంచనాలు 0.89 దగ్గర మొదలై 2.93 దాకా పోయాయి. అందుకు ఎవరి మోసమూ అక్కర్లేకపోయింది. ఏ అంశాలకు సర్దుబాటు చేయాలి, ఏ మోడల్ వాడాలి అన్న చోట దారులు చీలిపోయాయి.

ఇప్పుడు ఆ 29 దారులూ ఒకే పరిశోధకుడి ముందున్నాయనుకోండి. డేటా తెరిచి, ఒక్కొక్కటీ నడిచి చూసి, నచ్చినదాన్ని పేపర్లో రాస్తే మిగతా 28 సంగతి పాఠకుడికి ఎన్నటికీ తెలియదు. ప్రీరిజిస్ట్రేషన్ పుట్టింది ఇందుకే. ఏ దారిన వెళ్తామో డేటా చూడకముందే రాసి, దాని మీద తేదీ పడేలా చూసి, గుట్టుగా మార్చడానికి వీల్లేని చోట పెట్టడమే ఆ పని.

దీని విలువ లెక్కల్లోనే కనిపిస్తుంది. నిజానికి ఏ ప్రభావమూ లేని చోట, ఒకదానితో ఒకటి సంబంధం లేని పది ఫలితాలను 0.05 గీత (లేని ప్రభావం ఉన్నట్టు తేలే అవకాశానికి పెట్టుకునే 5 శాతం హద్దు) మీద పరీక్షిస్తే, కనీసం ఒకటి ‘తేలే’ అవకాశం 40 శాతం. డేటా సేకరిస్తూ మధ్యమధ్య తొంగి చూసి, పి-విలువ (ప్రభావమే లేకపోతే ఇంత లేదా ఇంతకన్నా పెద్ద తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) 0.05 కిందికి రాగానే ఆపేస్తామనుకుందాం. సమాన దూరాల్లో ఐదుసార్లు చూస్తే తప్పుడు పాజిటివ్, అంటే లేని ప్రభావం ఉన్నట్టు తేలే అవకాశం 5 నుంచి 14 శాతానికి పెరుగుతుంది. 2011లో అచ్చయిన ఒక సిమ్యులేషన్‌లో నాలుగు రకాల మామూలు వెసులుబాట్లను కలిపి వాడితే అది దాదాపు 61 శాతానికి చేరింది. ఆ నాలుగూ ఏ ల్యాబ్‌లోనైనా రోజూ జరిగేవే.

ముందుగా మా తీర్పు చెప్పేస్తాం. మనుషుల మీద చికిత్సా పరీక్ష అయితే ఎంపిక లేదు, క్లినికల్ రిజిస్ట్రీయే (అలాంటి పరీక్షలను నమోదు చేసే బహిరంగ జాబితా). పరికల్పనను పరీక్షించే అధ్యయనమై, డేటా సేకరణకు ఇంకా నెలల సమయం ఉంటే రిజిస్టర్డ్ రిపోర్ట్‌ను (డేటాకు ముందే ప్రణాళికను జర్నల్ సమీక్షించే పద్ధతి) మించింది లేదు. అంత సమయం లేకపోతే ఓఎస్‌ఎఫ్ (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్, పరిశోధన ప్రణాళికలు, ఫైళ్లు పెట్టుకునే వెబ్‌సైట్). ఒకటి రెండు పరికల్పనలున్న చిన్న ప్రయోగమైతే యాజ్‌ప్రిడిక్టెడ్ (చిన్న ఫారంతో నమోదు చేసే వెబ్‌సైట్) చాలు. డేటాను ఇప్పటికే విశ్లేషించేసి ఉంటే ప్రీరిజిస్ట్రేషన్ చేయకండి. మీకు పనికొచ్చేది వేరే ఉంది, కింద చెప్తాం.

ముందు చూసుకోవాల్సింది డేటా ఏ స్థితిలో ఉందో

చాలామంది మొదట ‘ఏ సైట్‌లో పెట్టాలి’ అని అడుగుతారు. అంతకన్నా ముందు అడగాల్సింది ‘మా డేటా ఏ స్థితిలో ఉంది’ అని. ఒక్క రికార్డూ ఇంకా రాలేదంటే మీ ప్రీరిజిస్ట్రేషన్‌కు పూర్తి బలం ఉంటుంది. డేటా ఉన్నా మీ చేతికి రాకపోతే, అంటే వేరే సంస్థ దగ్గర ఉండి మీకింకా అనుమతి అందకపోతే, దాదాపు అంతే బలం. అనుమతి వచ్చిన తేదీని నిరూపించే ఉత్తరం దాచుకోండి. ఫైలు మీ కంప్యూటర్లో ఉంది గానీ తెరవలేదంటే అది మీ మాట మీద నడిచే వ్యవహారం. అప్పుడు ఎవరెవరి దగ్గర ఫైలు ఉందో, ఎవరు ఏ చలరాశులు చూశారో పేరుపేరునా రాయాలి.

సగటులు, పట్టికలు చూసేశారా? అయితే ఆ విషయం మొదటి వాక్యంలోనే రాయండి. అదే డేటాతో వేరొకరు రాసిన పేపర్లు చదివి ఉన్నా చెప్పాల్సిందే. వాటి ఫలితాలు తెలిసి రాసిన పరికల్పన సగం చూసి రాసిందే.

పెద్ద డేటాసెట్ ఉంటే ఒక మంచి మార్గం ఉంది. సగం రికార్డుల్ని యాదృచ్ఛికంగా విడదీసి, ఆ సగంలో ఇష్టమొచ్చినట్టు వెతకండి. దొరికిన పరికల్పనలను నమోదు చేసి, ముట్టుకోని రెండో సగంలో పరీక్షించండి. విడదీసే పని జట్టులో విశ్లేషణ చేయని మనిషి చేయాలి. విడదీయడానికి వాడిన సీడ్ సంఖ్యను (అదే యాదృచ్ఛిక విభజనను మళ్లీ రప్పించే సంఖ్య) నమోదులో రాయాలి. ఒకే వ్యక్తి పదేపదే వచ్చే డేటా అయితే రికార్డుల వారీగా కాక మనుషుల వారీగా విడదీయాలి. లేకపోతే రెండు సగాల్లోనూ అదే మనిషి ఉంటాడు, పరీక్ష పేరుకే మిగులుతుంది.

ఇక విశ్లేషణ అంతా అయిపోయిన డేటా. దీని మీద ఇప్పుడు ‘ముందస్తు’ నమోదు చేస్తే ఆ తేదీ ముద్ర చదివేవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. ఇక్కడ సరైన ఎంపిక మల్టీవర్స్ విశ్లేషణ. సమర్థించదగ్గ దారులన్నీ రాసుకొని, అన్నీ నడిపి, అన్ని ఫలితాలనూ ఒకే పటంలో చూపించాలి. 36 దారుల్లో 31 ఒకే వైపు చూపితే అదొక సమాచారం. 36లో 3 మాత్రమే చూపితే అది ఇంకా విలువైన సమాచారం.

క్లినికల్ రిజిస్ట్రీలు

అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ 2000లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ప్రముఖ వైద్య జర్నళ్ల సంపాదకుల కమిటీ 2004లో ఒక నిబంధన ప్రకటించింది. 2005 జూలై 1 తర్వాత మొదలయ్యే పరీక్షలు మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు కాకపోతే ఆ పేపర్లను తాము పరిశీలించమని చెప్పింది. మనుషుల మీద వైద్య పరిశోధనకు నైతిక నియమావళి అయిన హెల్సింకి ప్రకటన 2008 రూపం కూడా అదే మాట అంది. ఆ కమిటీ ఒప్పుకునేది క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌నూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యవస్థలోని ప్రాథమిక రిజిస్ట్రీలనూ. ఓఎస్‌ఎఫ్‌లో ఎంత వివరంగా రాసినా అది అదనమే అవుతుంది, బదులు కాదు.

ఇక్కడ చాలామంది జారిపడే గుంట ఒకటుంది. అమెరికా చట్టం తన పరిధిలోని పరీక్షలకు మొదటి వ్యక్తిని చేర్చుకున్న తర్వాత 21 రోజుల దాకా గడువు ఇస్తుంది. జర్నళ్లు ఇవ్వవు. చట్టం ప్రకారం సరిగ్గా 15వ రోజున నమోదు చేసినవాళ్లు పేపర్ పంపాక మొదటి వడపోతలోనే ఆగిపోతారు. గడువుల్లో ఏది ముందుంటే దాన్నే పాటించండి.

ఈ నమోదుల వల్ల ఏం మారిందో చెప్పే ఉదాహరణ ఒకటి ఎప్పుడూ గుర్తుంచుకోదగ్గది. అమెరికా జాతీయ హృదయ, శ్వాసకోశ, రక్త సంస్థ నిధులిచ్చిన పెద్ద హృద్రోగ పరీక్షలను 2015లో సమీక్షించారు. 2000కు ముందు అచ్చయిన 30లో 17 ప్రయోజనం చూపాయి. ఆ తర్వాతి 25లో ప్రయోజనం చూపినవి 2. ప్రధాన ఫలితాన్ని ముందే ప్రకటించాల్సి రావడం ఇందుకు బలమైన కారణమని సమీక్షకులు భావించారు. అదే కాలంలో ఇతర మార్పులూ జరిగాయి కాబట్టి మొత్తం తేడాను నమోదు ఖాతాలోనే వేయలేం. అయినా 57 శాతం నుంచి 8 శాతానికి పడిపోవడం చిన్న విషయం కాదు.

రిజిస్ట్రీ ఫారంలో అన్నిటికన్నా ఎక్కువ పాడయ్యే గడి ‘ప్రధాన ఫలితం’. ‘ఆందోళన తగ్గుదల’ అని రాసి ఊరుకుంటారు. అందులో ఐదు వివరాలు ఉండాలి: ఏ అంశం, ఏ కొలమానంతో, ఏ రూపంలో (చివరి విలువా, మొదటి నుంచి వచ్చిన మార్పా), ఎలా కుదించి (సగటా, ఒక గీత దాటినవాళ్ల శాతమా), ఏ రోజున. వీటిలో ఒక్కటి ఖాళీగా వదిలినా తర్వాత ఇష్టమైనది నింపుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్ బృందం నడిపిన కంపేర్ ప్రాజెక్టు ఐదు అగ్ర వైద్య జర్నళ్లలోని 67 పరీక్షలను వాటి నమోదులతో పోల్చి చూసింది. పొరపాటు లేకుండా ఉన్నవి 9. ముందు ప్రకటించి తర్వాత పేపర్లో చెప్పకుండా వదిలేసిన ఫలితాలు 354, చెప్పాపెట్టకుండా కొత్తగా చేర్చినవి 357. నమోదు ఉండటం ఒక ఎత్తు, దాన్ని పేపర్ పక్కన పెట్టి చదివేవాళ్లు ఉండటం ఇంకో ఎత్తు.

రిజిస్ట్రీ ఫారంలో గణాంక విశ్లేషణ వివరాలకు చోటు తక్కువ. అందుకని విశ్లేషణ ప్రణాళికను విడిగా రాసి, ఎవరికి ఏ చికిత్స ఇచ్చారో తెరవకముందే తేదీతో సహా ఎక్కడైనా నమోదు చేయండి.

యాజ్‌ప్రిడిక్టెడ్, ఓఎస్‌ఎఫ్: నిజమైన పోటీ ఇక్కడే

మనస్తత్వశాస్త్రం, విద్య, భాషాశాస్త్రం, మార్కెటింగ్ లాంటి రంగాల్లో ఎక్కువమంది తేల్చుకోలేనిది ఈ రెంటి మధ్యే. రెండూ ఉచితమే, రెండూ తేదీ ముద్ర వేస్తాయి. తేడా వాటి స్వభావంలో ఉంది.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని ల్యాబ్ నడిపే యాజ్‌ప్రిడిక్టెడ్ కొద్ది ప్రశ్నలే అడుగుతుంది. డేటా ఇప్పటికే సేకరించారా, పరికల్పన ఏమిటి, ప్రధానంగా ఏం కొలుస్తారు, ఎన్ని గుంపులు, ఏ విశ్లేషణ, ఎవరిని తీసేస్తారు, ఎంతమందిని తీసుకుంటారు. సహరచయితలంతా ఆమోదించాక ఒక చిన్న పీడీఎఫ్ వస్తుంది. సమీక్షకుడు దాన్ని రెండు నిమిషాల్లో చదివేస్తాడు. ఇది మామూలు సుగుణం కాదు. 40 పేజీల ప్రణాళికను సమీక్షకుడు తెరిచి చూడడు, చూడకపోతే దానికి కాపలా కాసే శక్తి ఉండదు.

దాని బలహీనత ఒకటే, కానీ పెద్దది. రచయితలు బయటపెట్టేదాకా నమోదు ఎవరికీ కనిపించదు, ఎప్పటికీ బయటపెట్టకపోయినా అడిగేవారు లేరు. ఐదు ప్రయోగాలు నమోదు చేసి, తేలిన ఒక్కదాని నమోదునే పేపర్‌కు జతచేస్తే మిగతా నాలుగూ సొరుగులోనే ఉండిపోతాయి. మీరు నిజాయతీపరులే కావచ్చు, అయినా ఆ సంగతి చూపించే సాక్ష్యం మీ దగ్గర ఉండదు. దీన్ని ఎంచుకుంటే పేపర్లో ఒక వాక్యం రాయండి: ఈ ప్రశ్న మీద మేం నమోదు చేసిన అధ్యయనాలు మొత్తం ఇన్ని, వాటి లంకెలు ఇవి.

2013లో మొదలైన సెంటర్ ఫర్ ఓపెన్ సైన్స్ నడిపే ఓఎస్‌ఎఫ్‌లో నమోదును గరిష్ఠంగా నాలుగేళ్లు మూసి ఉంచుకోవచ్చు. ఆ తర్వాత అది తెరుచుకుంటుంది. వెనక్కి తీసుకున్నా శీర్షిక, రచయితల పేర్లు, కారణం మిగిలే ఉంటాయి. మా దృష్టిలో ఓఎస్‌ఎఫ్ గెలిచేది ఇక్కడే. రకరకాల నమూనా ఫారాలు కూడా ఉన్నాయి: మామూలు ప్రయోగాలకు, పాత డేటా విశ్లేషణకు, గుణాత్మక పరిశోధనకు, ఏ చట్రమూ లేకుండా రాసుకోవడానికి. యాజ్‌ప్రిడిక్టెడ్ ప్రశ్నల ఫారం కూడా అక్కడే దొరుకుతుంది. కాబట్టి చిన్న ఫారం సౌకర్యమూ, నాలుగేళ్ల హద్దూ రెండూ కావాలంటే ఓఎస్‌ఎఫ్‌లో ఆ ఫారాన్ని ఎంచుకోండి. ఎవరైనా ఒక్క మాటలో చెప్పమంటే మేం చెప్పేది ఇదే.

ఓఎస్‌ఎఫ్‌లో తప్పులు జరిగే చోట్లు మూడు. మొదటిది: ప్రాజెక్టు నుంచి నమోదు చేస్తే అందులోని ఫైళ్లన్నీ ఆ క్షణంలో గడ్డకట్టి నమోదులోకి వెళ్తాయి. పైలట్ పరీక్షకు (ముందుగా చేసే చిన్న పరీక్ష) వచ్చినవాళ్ల పేర్లున్న పట్టిక ఒక ఫోల్డర్లో మరిచిపోతే అదీ వెళ్తుంది. ముందు ఫైళ్లన్నీ ఒకసారి తిరగేయండి. రెండోది: సమర్పించాక ప్రాజెక్టు అడ్మిన్లు ఆమోదించడానికో, రద్దు చేయడానికో 48 గంటల సమయం ఉంటుంది. ఆ ప్రక్రియ ముగిసేదాకా డేటా సేకరణ మొదలుపెట్టకండి. మూడోది: అజ్ఞాత సమీక్ష జరిగే జర్నల్‌కు మామూలు లంకె ఇస్తే మీ పేర్లు బయటపడతాయి. పేర్లు దాచే లంకెను విడిగా తయారుచేయాలి. అయినా ఫైళ్ల లోపల రాసిన పేర్లను అది చెరపదు, వాటిని మీరే తీసేయాలి.

ఏ ఫారమైనా, ఏం రాస్తారన్నదే అసలు సంగతి

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. పాఠం చదివాక మళ్లీ చదవడం మేలా, పుస్తకం మూసి తమను తాము ప్రశ్నించుకోవడం మేలా అన్నది అధ్యయనం. నమోదులో ఇలా ఉంది: ‘స్వీయ పరీక్ష చేసుకున్న గుంపు ఎక్కువ గుర్తుపెట్టుకుంటుంది. గుంపుల మధ్య తేడాను తగిన గణాంక పరీక్షతో చూస్తాం. అసాధారణ విలువలను తీసేస్తాం.’

చదవడానికి బాగానే ఉంది. కానీ జ్ఞాపకాన్ని మూడు సమయాల్లో కొలిచారు: వెంటనే, రెండు రోజులకు, ఏడు రోజులకు. మార్కులు వేసే పద్ధతులు రెండు. అసాధారణ విలువలు తేల్చే సూత్రాలు కనీసం మూడు. పూర్వ జ్ఞానానికి సర్దుబాటు చేయొచ్చు, చేయకపోవచ్చు. మూడు రెళ్లు ఆరు, ఆరు మూళ్లు పద్దెనిమిది, దాన్ని రెండుతో గుణిస్తే 36 దారులు. ఆ మూడు వాక్యాలు వీటిలో ఒక్కదాన్నీ మూయలేదు. అంటే అక్కడ నమోదు అయింది గానీ ప్రణాళిక నమోదు కాలేదు.

అదే అధ్యయనానికి ఇలా రాస్తే ఒక్క దారే మిగులుతుంది: ‘ప్రధాన ఫలితం ఏడో రోజున పెట్టే 20 ప్రశ్నల పరీక్షలో సరైన జవాబుల సంఖ్య. వెల్చ్ టి-పరీక్ష, రెండు వైపులా, ఆల్ఫా 0.05. సర్దుబాట్లు ఉండవు. 0.5 ప్రామాణిక తేడాను 90 శాతం శక్తితో పట్టడానికి గుంపుకు 86 మంది కావాలి. 15 శాతం మంది తిరిగి రారని అంచనా వేసి గుంపుకు 102 మందిని, మొత్తం 204 మందిని చేర్చుకుంటాం. 204 మంది నిండగానే చేర్చుకోవడం ఆపుతాం, మధ్యలో ఫలితాలు చూడం. ఆరో రోజుకు ముందో, ఎనిమిదో రోజు తర్వాతో పరీక్ష రాసినవాళ్లనూ, పాఠం మీద రెండు నిమిషాల కన్నా తక్కువ గడిపినవాళ్లనూ తీసేస్తాం. ఇంకెవరినీ తీసేయం.’

చివరి రెండు మాటలు తప్పకుండా రాయండి. ‘ఇంకెవరినీ తీసేయం’ అని లేకపోతే జాబితా తెరిచే ఉన్నట్టు.

నమూనా పరిమాణం దగ్గర ఒక హెచ్చరిక. శక్తి అంటే నిజంగా ఉన్న తేడాను అధ్యయనం పట్టుకునే అవకాశం. ప్రామాణిక తేడా అంటే సగటుల మధ్య తేడాను ప్రామాణిక విచలనంతో భాగిస్తే వచ్చేది. పైన వాడిన 0.5 ఎక్కడిదో చెప్పాలి. పైలట్‌లో పది మందితో వచ్చిన తేడాను అలాగే వాడితే అది చాలా ఊగే అంచనా అవుతుంది. పట్టించుకోదగ్గ కనీస తేడా ఎంతో ఆలోచించి దాన్ని వాడండి. ఆ తేడా చిన్నదయ్యేకొద్దీ ఖర్చు ఎలా పెరుగుతుందో ముందే తెలుసుకోవాలి. 80 శాతం శక్తికి 0.5 తేడా అయితే గుంపుకు 64 మంది చాలు, 0.3 అయితే 176, 0.2 అయితే 394. మధ్యలో ఒకసారి చూడాల్సిందే అనుకుంటే నేరం కాదు, ముందే రాసి మూల్యం చెల్లిస్తే చాలు. సమాన దూరంలో రెండుసార్లు చూసే పొకాక్ పద్ధతిలో ప్రతిసారీ వాడే గీత 0.0294, ఐదుసార్లు చూస్తే 0.0158.

రాసింది సరిపోయిందో లేదో తేల్చడానికి మాకు తెలిసిన మేలైన పరీక్ష విశ్లేషణ కోడ్‌ను ముందే రాయడం. యాదృచ్ఛిక సంఖ్యలతో ఉత్తుత్తి డేటా తయారుచేసి దాని మీద కోడ్ నడపండి. ప్రణాళికలో చెప్పని నిర్ణయం ఏదైనా ఉంటే కోడ్ అక్కడ ఆగుతుంది: ఖాళీ గడులను ఏం చేయాలి, రెండుసార్లు రాసినవాళ్లలో ఏ జవాబు తీసుకోవాలి. ఆ కోడ్‌నే నమోదుకు జతచేస్తే వెయ్యి మాటల వివరణ చేయలేని పని చేస్తుంది.

రిజిస్టర్డ్ రిపోర్ట్: ఎప్పుడు తగును, ఎప్పుడు తగదు

పైవన్నీ మీ ప్రణాళికను భద్రపరుస్తాయే గానీ అది మంచిదో కాదో ఎవరూ చూడరు. రిజిస్టర్డ్ రిపోర్ట్‌లో ఆ పని కూడా జరుగుతుంది. 2013లో కార్టెక్స్ జర్నల్ మొదలుపెట్టిన ఈ పద్ధతిని ఇప్పుడు మూడు వందలకు పైగా జర్నళ్లు పాటిస్తున్నాయి. మొదటి దశలో పరిచయం, పరికల్పనలు, పద్ధతి మాత్రమే పంపాలి. సమీక్షకులు వాటిని సరిదిద్దాక సూత్రప్రాయ ఆమోదం వస్తుంది. ప్రణాళిక ప్రకారం పనిచేసి, నాణ్యతా షరతులు నెరవేర్చి, ఆధారాలకు తగ్గ ముగింపు రాస్తే ఫలితం ఎటు వచ్చినా పేపర్ అచ్చవుతుంది.

‘ఫలితం ఎటు వచ్చినా’ అన్న మాట ఎంత మార్పు తెస్తుందో 2021లో మనస్తత్వశాస్త్రంలో చేసిన పోలిక చూపించింది. మామూలు పేపర్లలో మొదటి పరికల్పనకు మద్దతు దొరికినవి 96 శాతం. రిజిస్టర్డ్ రిపోర్టుల్లో 44 శాతం.

మామూలు ప్రీరిజిస్ట్రేషన్ కన్నా దీనికున్న అసలు మేలు, తప్పు దిద్దుకోగల సమయంలో విమర్శ అందడం. మామూలు పద్ధతిలో ‘నియంత్రణ గుంపు సరిగా లేదు’ అని సమీక్షకుడు చెప్పేసరికి డేటా వచ్చేసి ఉంటుంది. ఆ మాట ఇక్కడ డేటాకు ముందే వస్తుంది.

మూల్యం కూడా ఉంది. మొదటి దశ సమీక్షకు నెలలు పట్టొచ్చు. గ్రాంటు గడువు దగ్గరపడినవాళ్లకు, ఒక విద్యా సంవత్సరంలో ముగించాల్సిన విద్యార్థికి ఇది ఊపిరాడనివ్వదు. కొన్ని జర్నళ్లు 90 శాతం, కొన్ని 95 శాతం గణాంక శక్తి అడుగుతాయి. ఎథిక్స్ కమిటీ అనుమతితో చిక్కు ఇంకొకటి. అనుమతి తీసుకున్నాక సమీక్షకులు పద్ధతి మార్చమంటే మళ్లీ కమిటీ దగ్గరికి వెళ్లాలి. కాబట్టి దరఖాస్తులోనే నమూనా పరిమాణానికి గరిష్ఠ హద్దు పెట్టి, ప్రశ్నావళుల్లో చిన్న మార్పులకు చోటు ఉంచి అనుమతి అడగండి.

సమయమే మీ ఇబ్బంది అయితే 2021లో మొదలైన పీర్ కమ్యూనిటీ ఇన్ రిజిస్టర్డ్ రిపోర్ట్స్ వేదికను చూడండి. అది జర్నల్ కాదు, సమీక్ష చేసి సిఫార్సు ఇచ్చే వేదిక. ముందు చిన్న సారాంశం పంపి సమీక్ష తేదీలు ముందే ఖాయం చేసుకునే వీలుంది. సిఫార్సు వచ్చిన పేపర్‌ను తమ షరతులకు సరిపోతే మళ్లీ సమీక్షించకుండానే తీసుకునే జర్నళ్లు ఉన్నాయి. రచయితల దగ్గర డబ్బు తీసుకోదు.

పూర్తిగా కొత్త విషయాన్ని తవ్వి చూసే అన్వేషక పరిశోధనకు రిజిస్టర్డ్ రిపోర్ట్‌ను సాధారణంగా మేం సూచించం. పరీక్షించడానికి పరికల్పనే లేనప్పుడు బలవంతంగా ఒకటి తయారుచేయడం అబద్ధానికి దగ్గరి పని. అన్వేషణను అన్వేషణగానే రాయడం పూర్తిగా గౌరవప్రదం.

మిగతా రంగాలకు

ఆరోగ్య సంబంధ ఫలితాలున్న సిస్టమాటిక్ రివ్యూకు (ఒక ప్రశ్న మీద ఉన్న అధ్యయనాలన్నిటినీ పద్ధతి ప్రకారం వెతికి సమీక్షించడం) యార్క్ విశ్వవిద్యాలయం 2011లో ప్రారంభించిన ప్రాస్పెరో రిజిస్ట్రీ ఉంది. స్కోపింగ్ రివ్యూలు (ఒక రంగంలో ఏమేం పని జరిగిందో విస్తృతంగా చూసేవి) అక్కడ తీసుకోరు, వాటిని ఓఎస్‌ఎఫ్‌లో పెట్టండి. అర్థశాస్త్రంలో యాదృచ్ఛిక ప్రయోగాలకు అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ రిజిస్ట్రీ 2013 నుంచి ఉంది. జంతువుల మీద అధ్యయనాలకు ప్రీక్లినికల్‌ట్రయల్స్ డాట్ ఈయూ, జర్మనీకి చెందిన యానిమల్ స్టడీ రిజిస్ట్రీ ఉన్నాయి. మీ రంగానికి ప్రత్యేక రిజిస్ట్రీ ఉంటే దాన్నే ముందు ఎంచుకోండి. రివ్యూలు చేసేవాళ్లు వెతికేది అక్కడే.

డేటా, కోడ్ పంచుకోవడం దీనికి జంట పని. కోడ్‌ను గిట్‌హబ్ అనే కోడ్ సైట్‌లో వదిలేస్తే యజమాని ఎప్పుడైనా తీసేయగలడు. పరిశోధన ఫైళ్ల భాండాగారమైన జెనోడోలో నిల్వచేసి డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) తీసుకోండి. ఒక రికార్డుకు మామూలుగా 50 జీబీ దాకా చోటు ఇస్తుంది, ప్రతి వెర్షన్‌కూ విడి డీఓఐ వస్తుంది. చలరాశుల అర్థం చెప్పే పట్టిక లేని డేటా ఎవరికీ పనికిరాదు. పేర్లు తీసేసినంత మాత్రాన మనుషులు దాగరు: పుట్టిన తేదీ, ఊరు, అరుదైన జబ్బు మూడూ కలిస్తే మనిషి దొరికిపోతాడు. అలాంటప్పుడు అసలు డేటాకు బదులు దాని పోలికలున్న కృత్రిమ డేటాను, పూర్తి కోడ్‌ను బయటపెట్టండి.

ప్రణాళిక తప్పినప్పుడు

తప్పుతుంది. వాస్తవం ప్రణాళికను పూర్తిగా పాటించడం అరుదు, మార్చడం తప్పు కూడా కాదు. దాచడమే తప్పు. సామాజిక, ప్రవర్తనా శాస్త్రాల్లో ప్రీరిజిస్ట్రేషన్ లాంటి కట్టుదిట్టమైన పద్ధతులు పాటిస్తే ఫలితాలు బాగా పునరావృతమవుతాయని 2023లో నేచర్ హ్యూమన్ బిహేవియర్‌లో ఒక పేపర్ వచ్చింది. విశ్లేషణలన్నీ ముందే నమోదయ్యాయని అందులో చెప్పుకున్న మాట నిలవలేదు, కొన్ని నమోదు కాలేదని తేలింది. 2024 సెప్టెంబరులో జర్నల్ ఆ పేపర్‌ను ఉపసంహరించింది. ‘ఇవి నమోదయ్యాయి, ఇవి కాలేదు’ అని మొదటే విడదీసి రాయాల్సిన చోట అది.

అందుకే పేపర్‌కు ఒక మార్పుల పట్టిక జతచేయండి. ప్రతి వరుసలో ఐదు గడులు: ఏమన్నాం, ఏం చేశాం, ఎందుకు, డేటా చూడకముందా చూశాకా, మొదటి ప్రణాళికే పాటిస్తే ఏం వచ్చేది. పై ఉదాహరణలో 204 మందికి బదులు 171 మందే దొరికారనుకోండి. వరుస ఇలా ఉంటుంది: ‘204 అన్నాం, 171 దగ్గర ఆపాం, గది వాడుకునే గడువు ముగిసింది, ఫలితాలు చూడకముందే ఆపాం, 204 రాలేదు కాబట్టి ఆ విశ్లేషణ వీలుకాదు, 15 శాతం తగ్గాక గుంపుకు దాదాపు 73 మంది మిగిలారు కాబట్టి శక్తి 90 నుంచి సుమారు 85 శాతానికి తగ్గింది.’

తప్పు డేటా రాకముందే కనిపెడితే పని తేలిక. ఓఎస్‌ఎఫ్‌లో నమోదును సవరించొచ్చు, పాత రూపమూ కొత్త రూపమూ రెండూ కనిపిస్తాయి. యాజ్‌ప్రిడిక్టెడ్‌లో ఆమోదమైన పత్రాన్ని దిద్దలేం. కొత్తగా ఇంకొకటి నమోదు చేసి, ‘ఇది ఫలానా నమోదుకు బదులు, కారణం ఇది, ఇప్పటికి ఒక్క రికార్డూ రాలేదు’ అని అందులోనే రాసి, పేపర్లో రెండు లంకెలూ ఇవ్వండి.